మొదటి వరుసలో తోడేలు పెళ్ళాం

తెర మీద చందమామ లేచింది, దాని కింద బోడికొండ, కొండ మీద మనిషిలా రెండు కాళ్ళ మీద నిలబడ్డ తోడేలు. హాలంతా నవ్వడానికి నోళ్ళు సర్దుకుంటుంటే, మొదటి వరుసలో కూర్చున్న ఆమెకి మాత్రం తోడేలు కంటే ముందు జిగురు వాసన తగిలింది, ఫోముకీ గుడ్డకీ మధ్య పూసే పచ్చటి జిగురు, ఎంత కడుక్కున్నా చేతుల్ని వదలకుండా తినే ముద్దలోకి కూడా వచ్చే ఆ వాసన, ఈ చల్లటి హాల్లోకి ఎట్లా వచ్చిందా అని ముక్కు ఎగబీల్చి, అప్పుడు గదా తెర వైపు సరిగ్గా చూసింది, చూసి, ఓరి దేవుడా ఇది మాదే, అనుకుంది. ఇంట్లోంచి పోయిన వస్తువేదో బజార్లో ఎవడో అమ్ముతుంటే కనబడ్డట్టయింది. "ఈ వారం మన చేతికి చిక్కిన ఆణిముత్యం!" అని యాంకరమ్మ మైకులో సాగదీసింది. "పున్నమి వస్తే చాలు, హీరోగారు తోడేలైపోతారు. చూడ్డానికి వెళ్ళినవాళ్ళేమో పిల్లులైపోయి థియేటర్లోంచి జారుకున్నారు!" కెమెరాల పక్కన నిలబడ్డ ఫ్లోర్ మేనేజరు అరచెయ్యి పైకెత్తాడు. ఎత్తితే నవ్వాలి, దించితే ఆపాలి. వెనకాల హాలు నవ్వింది. ఆమె పెదాలు కూడా అలవాటు కొద్దీ విచ్చుకున్నాయి గాని లోపల్నుంచి సరుకు రాలేదు.

నవ్వడమే ఆమె పని. పాత సినిమాలు తెర మీద వేసి వాటిని ఏకిపారేసే ఈ టీవీ కార్యక్రమానికి జనం కావాలి, ఊరికే కూర్చునే జనం కాదు, పక్కవాడిని కూడా నవ్వించేటట్టు నవ్వే జనం, ఆ విద్య ఆమెకి ఉందని మనుషుల్ని వ్యానులో తోలుకొచ్చే ఏజెంటు మొదటి రోజే కనిపెట్టి, వెనకాల గోడ పక్క నుంచి లేపి తెచ్చి ముందు కూర్చోబెట్టాడు, అప్పట్నుంచీ ఈ హాల్లో ఆమె అందరికీ మొదటి వరుసక్క. ఆమె నవ్వు పొట్టలో ఎక్కడో గుడగుడమని మొదలై, గొంతు దగ్గర కాసేపు తటపటాయించి అప్పుడు బయటపడుతుంది, ఆ తటపటాయింపులోనే ఉందట కిటుకంతా, వెనక వరుసలు అక్కడే పడిపోతాయట. ఇది ఆమెకి మొగుడు చెబితే తెలిసింది. ఆదివారం ఆదివారం ఆయన టీవీ ముందు కుర్చీ వేసుకుంటాడు, జోకులు వినడు, పెళ్ళాం మొహం ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాడు, రాగానే వేలు చూపించి "ఇది కూలి నవ్వు" అంటాడు, ఇంకాసేపటికి "ఇదీ కూలే" అంటాడు. ఎట్లా తెలుస్తుందయ్యా నీకు అంటే, "నవ్వేముందు నీ కళ్ళు ఆ చెయ్యి కోసం పోతాయే, ఎత్తాడా లేదా అని" అన్నాడు. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఇది అసలుది అనలేదు. రోజంతా గోడకేసి చూస్తూ కూర్చునే మనిషి వారానికోసారి నోరు విప్పి ఆడే ఆట అదొక్కటే గనక ఆమె కాదనలేదు, అవునయ్యా కూలే అని ఒప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు వచ్చే ఆదివారం ఆయన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, తెర మీద తన తోడేలు వస్తుంది, ఆ వెంటనే, దాన్ని చూసి కూలికి నవ్వుతూ తన పెళ్ళాం.

తోడేలు లోపల ఉన్నది ఆయనే మరి. తొడుగు చేసిందీ ఆయనే. సోఫాలు కుట్టే మనిషి, చిన్న కొట్టు, ముందు గదిలో స్ప్రింగులూ చెక్కలూ, వెనక గదిలో మెషిను మీద ఆమె, ఆయన కొలిచి కత్తిరించి ఇస్తే ఆమె కుట్టేది. సినిమావాళ్ళు పాత సోఫా ఒకటి అద్దెకి అడగడానికి వచ్చి, మాటల్లో మాటగా, బొచ్చుగుడ్డతో మనిషి పట్టేంత తొడుగు కుట్టగలరా అన్నారు, మనిషి కూర్చునేది కుడుతున్నాం, మనిషి దూరేది కుట్టలేమా అన్నాడాయన, ఆ రోజుల్లో ఆయన నోరు అట్లా ఉండేది. కొలతలకి రమ్మంటే హీరో రాలేదు, సోఫాల కొట్లో నేను చేతులు చాపుకుని నిలబడాలా అన్నాడట, ఇవాళా రేపూ అంటూ రోజులు గడిచిపోతుంటే విసుగు పుట్టి, మనిషికీ మనిషికీ ఎంత తేడా ఉంటుందిలే అని టేపు తన ఒంటికే చుట్టుకున్నాడు. ఆమే కొలిచింది. మోకాలి దగ్గర చక్కిలిగిలి పుట్టి ఆయన ఎగిరితే ఆ కొలత వంకరపోయింది, అందుకే తోడేలుకి ఎడమ మోకాలి మీద బొచ్చు ఉబ్బి ఉంటుంది, అదిగో, తెర మీద ఇప్పుడు కూడా ఉబ్బే ఉంది. తీరా పట్టుకుపోతే హీరోకి భుజాల దగ్గర పట్టలేదు, ఫైటర్లకి పొడుగు చాలలేదు, ఇది అసలు ఎవడికి పడుతుందయ్యా అని డైరెక్టరు అరిస్తే ఆయన తల గోక్కుంటూ, నాకు పడుతుందండీ, అన్నాడు. అట్లా అయ్యాడు తోడేలు.

"ఆపండి, ఆపండి, ఇక్కడ ఆపండి!" అని జోకులేసే బక్కాయన బొమ్మని ఆపించి, కర్రతో తోడేలు కాళ్ళ దగ్గర పొడిచి చూపించాడు. "నడిరాత్రి. నిండు పున్నమి. మరి ఈ నీడేంటండీ, కాళ్ళ కిందే ముద్దగా పడింది? చందమామ గారు పగటి డ్యూటీ కూడా చేస్తున్నారా?" చెయ్యి లేచింది. ఆమె చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కుదిపింది, దూరం నుంచి చూస్తే నవ్వాపుకోలేక చస్తున్నట్టే ఉంటుంది. పగలే మరి, నిప్పులు చెరిగే పగలు, కెమెరాకి నీలం గాజు తొడిగి రాత్రి చేశారు, ఆ కొండ మీద చెట్టన్నది లేదు, రాళ్ళ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుండేది, దాని మీద ఆయన ఫోములో, ఫోము మీద బొచ్చులో, బొచ్చు మీద రబ్బరు మొహంలో. పక్కన కూర్చున్న పెద్దావిడ, ఆస్పత్రిలో ఆయాగా చేసి మానేసి ఇక్కడ నవ్వడానికి చేరిన మనిషి, మోచేత్తో పొడిచింది. "ఏమ్మా, ఇవాళ భుజాలతో నవ్వుతున్నావు, నోటికి సెలవిచ్చావా?"

"పన్ను సలుపుతోంది పెద్దమ్మా."

"డ్యూటీలో ఉన్నానని చెప్పు దానికి. ఆయన నీ వంకే చూస్తున్నాడు."

నిజంగానే చూస్తున్నాడు ఫ్లోర్ మేనేజరు, ఏంటక్కా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. లేచి వెళ్ళిపోతే? తలుపుకి అవతల ఎర్రదీపం వెలుగుతోంది, రికార్డింగు మధ్యలో లేచిన మనిషిని ఏజెంటు మళ్ళీ వ్యాను ఎక్కించుకోడు, మొగుడి చేతులు వణకడం మొదలై కొట్టు మూతపడ్డాక ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ నవ్వుతోనే. పోనీ ఇది మా ఆయనండీ అని చెబితే? చెబితే ఇంకేమైనా ఉందా, చేతికి మైకిచ్చి నిలబెట్టి, తోడేలుతో కాపురం ఎట్లా ఉందమ్మా అని అడుగుతారు, అదొక ముక్క అవుతుంది వాళ్ళకి. ఆమె రుమాలు మడత మార్చి మళ్ళీ నోటికి పెట్టుకుంది.

అప్పుడు తోడేలు వెనక్కి తిరిగింది. ఆమెకి తెలుసు తిరుగుతుందని, బండరాయి దాటాక హీరోయిన్ కేక వినబడి తిరుగుతుంది, తిరిగినప్పుడు వీపు మొత్తం కనబడుతుంది. కళ్ళు మూసుకుంది. బక్కాయన గొంతు మాత్రం చెవిలో పడింది. "దేవుడు చేసిన తోడేలుకి తోక ఉంటుంది. మనవాళ్ళు చేసిన తోడేలుకి జిప్పుంది! క్రూరమృగమా ఇది, ప్రయాణం సంచా?" హాలు విరగబడింది, పెద్దావిడ కూడా, చెయ్యి కోసం కాదు, ఊరికే, నిజంగానే. ఆ జిప్పు ఆమె వేసింది. ముందు ఆయన పద్ధతిగానే దాచి పెట్టాడు, సోఫా దిండుకి పెట్టినట్టు, మెడ కింద బొచ్చు మడతలో, వేలు పెట్టి వెతికితే గాని దొరకనట్టు, సోఫా పనివాడి పరువంతా కనబడని జిప్పులోనే ఉందనేవాడు. తోడేలు తనే అని ఖాయమయ్యాక కొట్లో మొదటిసారి తొడుక్కుని చూసుకున్న రోజు లోపల ఊపిరి అందలేదు, చేతులు ఆడిస్తుంటే వేషాలేస్తున్నాడనుకుంది, నవ్వింది కూడా, ఆ తర్వాత ఆయన కూలబడ్డాడు, అప్పుడు బొచ్చంతా పీకుతూ జిప్పు కోసం వెతికింది, దొరకదే, మెషిను మీద అన్ని ఊళ్ళ సోఫాలకి జిప్పులు దాచిన చేతులు ఆ దాచిన జిప్పుని కనుక్కోలేకపోయాయి. చివరికి లాగితే బయటపడ్డ మొహం నీలంగా ఉంది. ఆ సాయంత్రమే ఆమె ఆ జిప్పు ఊడదీసి, పరుపులకి వేసే లావు జిప్పు తెచ్చి నడివీపు మీద పైకి కనబడేటట్టు కుట్టేసింది, గుడ్డివాడైనా పట్టుకునేటట్టు. ఆయన గొడవ పెట్టుకున్నాడు. "తోడేలుకి జిప్పేంటే, నవ్వుతారే." "నవ్వనీ. నువ్వుంటే నీతో పాటు నేనూ నవ్వుతా." డైరెక్టరు చూసి చిందులు తొక్కితే, నేనే పెట్టానండీ, తెలియక పెట్టాను అన్నాడు, మళ్ళీ కుట్టే టైము లేదు గనక అట్లాగే షూటింగు చేసేశారు. తర్వాత తోటి సోఫాలవాళ్ళు ఏమోయ్ జిప్పు అని పిలిచినా, సరుకు కొట్టువాడు జిప్పులు చూపిస్తూ ఇది వీపుకా సోఫాకా అని అడిగినా, ఎవరితోనూ అది మా ఆవిడ వేసిందని అనలేదు, ఇంట్లో తగువుల్లో కూడా, ఎంత పెద్ద తగువులో కూడా, ఆ మాట వాడలేదు.

సినిమా వచ్చినప్పుడు అత్తగారిని తీసుకెళ్ళారు. ముసలావిడకి కథ అర్థం కాలేదు గాని బొచ్చులో ఉన్నది కొడుకని తెలుసు, వాడు ఎటు నడిస్తే అటు తల తిప్పింది. చివర్లో పోలీసులు తోడేలుని కాల్చి పడేస్తే హాల్లో నిలబడి, నా కొడుకుని చంపేశార్రా అని గుండెలు బాదుకుంది. ముందు వరుసల్లో ఒకడు నవ్వాడు, తర్వాత ఇద్దరు, తర్వాత హాలంతా, అంతవరకూ భయపడ్డ కాసిన్ని మొహాలు కూడా ఆ నవ్వుతోనే ధైర్యం తెచ్చుకున్నాయి. ఆ సినిమాకి పడ్డ మొదటి నవ్వు అది. ఆయన పక్కనే కూర్చుని తల్లి చెయ్యి పట్టుకుని, నేనిక్కడే ఉన్నానమ్మా, చూడు, ఇక్కడే ఉన్నా, అంటూ ఉన్నాడు, ఆవిడ తెర వైపే చూస్తూ ఏడుస్తోంది.

సినిమా పోయింది, అందరూ మర్చిపోయారు, ఆయన సోఫాలు కుట్టుకుంటూ బానే ఉన్నాడు. ఫోన్లలో ఆ సినిమా ముక్కలు తిరగడం మొదలయ్యాక గదా వచ్చింది చిక్కంతా. పెద్దిల్లు ఒకదాంట్లో సోఫా దించడానికి వెళ్తే ఆ ఇంటాయన నడక చూసి గుర్తుపట్టి, పిల్లల్ని పిలిచి, ఒకసారి నడిచి చూపించవయ్యా అన్నాడు. నడిచాడు. పిల్లలు అడిగితే కాదనే మనిషి కాదు. ఆయన నడక ఎప్పుడూ అదే, సినిమా కోసం పట్టింది కాదు, బరువు సోఫాలు పట్టుకుని మెట్ల మీద వెనక్కి వెనక్కి నడిచీ నడిచీ మోకాళ్ళు ఎడంగా పడిపోయి, చేతులు కొంచెం ముందుకి చాచి, నడుం కిందికి దించి నడిచేవాడు, తోడేలు అట్లా నడవడానికి కారణం అంతే. ఆ ఇంట్లోవాళ్ళు ఫోన్లు పట్టుకుని, ఇంకోసారి, ఇంకోసారి అంటూ అటూ ఇటూ నడిపించారు. మర్నాటి నుంచి కాళ్ళు దగ్గరగా పెట్టి నడవడం మొదలుపెట్టాడు, ఎవరో కొలిచి గీసిన గీత మీద నడుస్తున్నట్టు, కొట్లోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి పెరట్లోకి కూడా అట్లాగే. ఆమె ఒక్కతే ఉన్నప్పుడు కూడా అట్లాగే. ఆ తర్వాత నడవడమే తగ్గించేశాడు. ఒక మనిషి నడక పోతే ఏం పోయిందని ఎవరికి చెప్పుకుంటాం, వస్తువు కాదు గదా ఫలానా చోట పెట్టాను కనబడలేదు అనడానికి.

"ఇప్పుడు మీ కోసం, ప్రత్యేకంగా, ప్రాణాలకు తెగించి..." అని యాంకరమ్మ అంటుండగా పక్క తలుపులోంచి బక్కాయన తోడేలు వేషంలో వచ్చాడు. ఎలుగుబంటి తొడుగేదో తెచ్చి చెవులు మార్చినట్టుంది, కుట్టు పని నాసిరకం, చంక దగ్గర పోగులు వేలాడుతున్నాయి, ఆమె కళ్ళు వద్దన్నా ముందు అవే చూశాయి. చూసి, ఇక చూడొద్దు, రుమాలు, భుజాలు, అయిపోతుంది, అనుకుంటుండగా వాడు నడిచాడు. మోకాళ్ళు ఎడంగా, నడుం దించి, చేతులు ముందుకి. గొప్పగా పట్టాడు దొంగవెధవ, మడమ ముందు ఆనడం, అడుగు వేసే ముందు ఆ చిన్న తూగు కూడా వదల్లేదు, వేదిక మీద అటునుంచి ఇటు వస్తూ, సరిగ్గా మొదటి వరుస ముందుకొచ్చి ఆగి, చేతుల్లో ఏదో బరువు ఉన్నట్టు వంగి, "అమ్మగారూ, ఈ బీరువా ఎక్కడ దించమంటారు?" అన్నాడు.

ఆ రోజు షూటింగులో, కొండ మీద భోజనాల వేళ. అందరూ గొడుగుల కింద. ఆమె కుండలో నీళ్ళు పట్టుకుని దూరంగా రాతి నీడన కూర్చుని ఉంది, ఆయన ఎప్పుడొస్తాడా, జిప్పు ఎప్పుడు లాగుదామా అని. పైనుంచి తోడేలు దిగొస్తోంది, ఎండలో, బొచ్చంతా దుమ్ము కొట్టుకుపోయి, మోకాళ్ళు ఎడంగా, చేతులు చాచి, ఎవరి వంకా చూడకుండా తిన్నగా ఆమె దగ్గరికి, వచ్చి ఎదురుగా నిలబడి రబ్బరు మొహం లోపల్నుంచి, "అమ్మగారూ, ఈ సోఫా ఎక్కడ దించమంటారు?" అన్నాడు. అప్పుడు ఎట్లా వచ్చిందో నవ్వు, ఇప్పుడూ అట్లాగే వచ్చింది, పొట్టలో గుడగుడ లేదు, గొంతు దగ్గర తటపటాయింపు లేదు, ఎక్కడ దాక్కుందో అన్నాళ్ళూ, ఒక్కసారి తలుపు తోసుకుని వచ్చినట్టు వచ్చింది, రుమాలు ఒళ్ళో పడిపోయింది, తల వెనక్కి పడిపోయింది, కళ్ళమ్మట నీళ్ళు, పెద్దావిడ భయపడి వీపు రాసింది, హాలు మొత్తం దాని వెనకాలే కొట్టుకొచ్చింది. ఊపిరి తీసుకుని చూస్తే ఫ్లోర్ మేనేజరు చెయ్యి కిందే ఉంది. ఇంకా ఎత్తనేలేదు.

బక్కాయన తొడుగు తొడ దగ్గర పర్రున చిరగడంతో ఆపేశారు. కుట్టడానికి కాసేపు పడుతుందన్నారు. ఆమె బాత్రూముల పక్క సందులోకి వెళ్ళి ఫోను చేసింది. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"ఏమే, అప్పుడే అయిపోయిందా?"

"లేదు. ఇవాళ ఎవర్ని పట్టుకున్నారో తెలుసా?"

"ఎవర్ని?"

"నిన్నే."

అవతల ఫ్యాను కిర్రుమంటోంది. "జిప్పు చూపించారా?" అన్నాడు.

"చూపించారు."

"ఊ. నవ్వావుగా మరి. నవ్వాలిలే, పని."

"ఏమయ్యా, దానికి నవ్వలేదు. తర్వాత వచ్చింది. కూలి కాదు, అసలుది. వాడు నీ నడక నడిచాడయ్యా. కొండ దిగొచ్చి సోఫా ఎక్కడ దించాలి అన్నావు చూడు..." ఆమె అక్కడే ఆపేసింది. ఫోన్లో చెప్పే మాట కాదది, చెప్పే కొద్దీ సాకులాగా వినబడుతోంది తన చెవికే.

అవతల కుర్చీ నేల మీద రాసుకున్న చప్పుడు. "ఆదివారమేగా?"

"ఆదివారమే."

"చూస్తాలే. అసలుదో కాదో నాకు చూస్తే తెలిసిపోతుంది." గొంతు ఈమధ్య గొంతు కాదు, ఆమె తోడేలుని కుడుతుంటే కొట్టు ముందు గదిలోంచి, మోకాలి దగ్గర జాగ్రత్తే అని కేకేసిన గొంతులో ఓ పోగు ఉంది అందులో. "కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంటా. ఇప్పుడు కళ్ళు అంత ఆనడం లేదు," అన్నాడు.

ఆమె మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. హాలు చల్లగా అనిపించలేదు. ఆదివారం ఆయన వేలు చూపించి ఏమంటాడో వినబడుతున్నట్టే ఉంది, ఆ తర్వాత లేస్తాడు, లేచి, మోకాళ్ళు ఎడంగా పెట్టి, ఎవరూ లేరు గదా ఇంట్లో, ఇద్దరమే గదా... ఫ్లోర్ మేనేజరు వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "అక్కా, ఇందాక అదరగొట్టావు. కాకపోతే ఒకటో కెమెరా వేషం మీద ఉండిపోయింది, నీ మొహం దొరకలేదు. వాడు మళ్ళీ నడుస్తాడు. నువ్వు మళ్ళీ అదే ఇవ్వాలి."

"ఏ కెమెరాలోనూ లేదా బాబూ? పక్కనుంచైనా?"

"లేదక్కా. ఈసారి రెండు కెమెరాలూ నీ మీదే పెడుతున్నాం, భయపడకు. సౌండు కూడా ఈసారిదే వాడుకుంటాం."

చందమామ మళ్ళీ లేచింది. తలుపు తెరుచుకుంది. వాడు నడిచాడు, మోకాళ్ళు ఎడంగా, నడుం దించి, ఇందాకటి కంటే బాగా, ఇందాకటి కంటే ఎక్కువ. ఆమె కొండని పిలిచింది. ఎండని పిలిచింది, దుమ్ముని, రబ్బరు మొహం లోపలి గొంతుని. వాడొచ్చి ఎదురుగా ఆగాడు, వంగాడు, బీరువా అన్నాడు. చంకలో వేలాడే పోగులు కనబడ్డాయి, తొడ మీద హడావుడిగా వేసిన కొత్త కుట్టు కనబడింది, లోపల ఎవడో పరాయి మనిషి రొప్పుతున్నాడు. చెయ్యి వైపు చూడకూడదు, అటు చూడకూడదు, అనుకుంటూనే ఉంది. కళ్ళు వెళ్ళాయి. చెయ్యి లేచింది. పొట్టలో గుడగుడమంది, గొంతు దగ్గర తటపటాయించింది, బయటపడింది, వెనక వరుసలన్నీ పడిపోయాయి.

"ఓకే! ఇదే బాగుందక్కా," అన్నాడు ఫ్లోర్ మేనేజరు చెయ్యి దించుతూ. "ఇందాకటి దాంట్లో కొంచెం ఏడుస్తున్నట్టు అనిపించింది."